ఏరు దాటకముందే తెప్ప తగలేసిన ఊరు: ఒట్టావా బస్సులు, రైళ్ల కథ

ఈ ఎపిసోడ్ ఒక చిన్న సొంత కథతో మొదలుపెడతాను.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ఒక శుక్రవారం రాత్రి మా టీమ్ మొత్తం కూర్చుని పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కి మారిపోయాం. శనివారం బాగా నడిచింది. ఆదివారం కూడా ఏ గొడవా లేదు. ఆ ధైర్యంతో ఆదివారం రాత్రి పాతదాన్ని పూర్తిగా తీసేశాం. సోమవారం పొద్దున పది గంటలకు అసలు జనం లాగిన్ అయ్యారు, కొత్త సర్వర్ చతికిలపడింది. వెనక్కి వెళ్దామంటే వెనక ఏమీ లేదు. తప్పు ఎవరిదో చెప్పడానికి కాదు, నేనూ ఆ టీమ్‌లో ఒకడినే.

మాది ఒక చిన్న ఆఫీసు గొడవ. రెండు రోజులు నిద్ర లేకుండా కూర్చుంటే సర్దుకుంది. అదే పని పది లక్షల జనాభా ఉన్న ఒక దేశ రాజధాని చేస్తే ఎలా ఉంటుంది? మారింది సర్వర్ కాదు, ఊరంతా రోజూ ఎక్కే బస్సు అయితే? ఇవాళ్టి కథ అదే. ఊరు పేరు ఒట్టావా, కెనడా రాజధాని.

మన దగ్గర "ఏరు దాటాక తెప్ప తగలేశాడు" అంటాం కదా. అందులో కృతజ్ఞత లేకపోవచ్చు కానీ ప్రమాదం లేదు, ఎందుకంటే ఏరు దాటేశాడు. ఒట్టావా వాళ్లు ఏరు మధ్యలో ఉండగానే తెప్పకి నిప్పు పెట్టారు. ఎందుకు పెట్టారో అర్థం కావాలంటే ముందు ఆ తెప్ప ఎంత గొప్పదో చూడాలి.

రెండు మాటలు మనకి ఈ ఎపిసోడ్ అంతా వస్తాయి. ఒకటి బీఆర్‌టీ, అంటే బస్ రాపిడ్ ట్రాన్సిట్. బస్సులకి మాత్రమే విడిగా రోడ్డు వేసి, రైల్వే స్టేషన్ లాంటి స్టాపులు కట్టి, ట్రాఫిక్‌తో సంబంధం లేకుండా నడపడం అన్నమాట. రెండోది లైట్ రైల్. ట్రామ్‌కి అన్నయ్య, మెట్రోకి తమ్ముడు అనుకోండి. పెట్టెలు మెట్రో కంటే తేలిక, కొన్నిచోట్ల వీధిలో నడుస్తుంది, కొన్నిచోట్ల సొరంగంలో నడుస్తుంది.

ఒట్టావాలో 1891 నుంచే ఎలక్ట్రిక్ ట్రాములు ఉండేవి. అక్కడ ఏడాదికి దాదాపు 2 మీటర్ల మంచు కురుస్తుంది. ఆ చలిలో కూడా, కరెంటుతో వెచ్చచేసిన పెట్టెల్లో జనాన్ని తిప్పారు, పట్టాల మీద మంచు ఊడ్చడానికి ప్రత్యేకమైన బండ్లు నడిపారు. ఈ విషయం గుర్తు పెట్టుకోండి. "మా ఊళ్లో చలి ఎక్కువ, రైళ్లు నడపడం కష్టం" అనే మాట తర్వాత వస్తుంది. వాళ్ల తాతల కాలంలోనే అది జరిగిన పని.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అన్ని ఊళ్లలాగే అక్కడా కార్లు వచ్చాయి. ప్రభుత్వం ఫ్రాన్స్ నుంచి జాక్ గ్రేబేర్ అనే ప్లానర్‌ని పిలిపించింది. 1950లో ఆయన ప్లాన్ వచ్చింది. ఊరి మధ్యలో పొగ కక్కే రైలు పట్టాలు తీసేయాలి, స్టేషన్‌ని బయటికి జరపాలి, ఊరి చుట్టూ ఒక పచ్చని గ్రీన్‌బెల్ట్ పెట్టాలి, ఊరు దాన్ని దాటి పెరగకూడదు అనేది ఆ ప్లాన్. ట్రాములు 1959లో ఆగిపోయాయి. 1966లో నడిబొడ్డున ఉన్న రైల్వే స్టేషన్ మూతపడి, కొత్త స్టేషన్ దూరంగా తెరుచుకుంది.

గ్రీన్‌బెల్ట్ మాత్రం అనుకున్న పని చేయలేదు. ఊరు దాని దగ్గర ఆగకుండా దాని మీదుగా దూకేసింది. పడమట కనాటా, తూర్పున ఓర్లీన్స్, దక్షిణాన బార్‌హేవెన్ అనే శివార్లు గ్రీన్‌బెల్ట్ అవతల పెరిగాయి. ఇప్పుడు పరిస్థితి చూడండి. ఆఫీసులన్నీ మధ్యలో, ఎందుకంటే అది రాజధాని, ఊళ్లో చాలామంది ప్రభుత్వ ఉద్యోగులే. ఇళ్లేమో పదిహేను, ఇరవై కిలోమీటర్ల దూరంలో. మధ్యలో ఖాళీ పొలాలు. పట్టాలు పీకేశారు. మరి జనం ఎలా వెళ్లాలి?

1970ల మధ్యలో ఈ ప్రశ్న ప్రాంతీయ ప్రభుత్వం ముందుకి వచ్చింది. వాళ్లు చేసిన మొదటి పని నాకు చాలా నచ్చింది, ఎందుకంటే దానికి ఒక్క ఇటుక కూడా అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఆఫీసు టైములు సడలించారు. అందరూ ఒకేసారి కాకుండా కొందరు ఏడింటికి, కొందరు తొమ్మిదింటికి వచ్చేలా. ఉచిత పార్కింగ్ తగ్గించి డబ్బులు వసూలు చేయడం మొదలుపెట్టారు. అంటే రోడ్డు పెంచేముందు రద్దీని పలచబరిచారు.

తర్వాత పెద్ద ప్రశ్న. బస్సులా, రైళ్లా? రెండింటి లెక్కలూ వేశారు. బస్సుల కోసం విడిగా రోడ్డు వేస్తే కట్టడానికీ నడపడానికీ కూడా లైట్ రైల్ కంటే తక్కువ ఖర్చవుతుందని తేలింది. ఇక్కడే వాళ్ల తెలివి ఉంది. ఏ ఊరైనా మామూలుగా మధ్యలో మొదలుపెట్టి బయటికి వెళ్తుంది. మధ్యలో సొరంగం తవ్వాలి, భూమి ఖరీదు, డబ్బంతా అక్కడే అయిపోతుంది, శివార్లకి చేరేసరికి ఇరవై ఏళ్లు. ఒట్టావా తిరగేసి ఆలోచించింది. బయట మొదలుపెట్టి లోపలికి వద్దాం అనుకున్నారు. బయట భూమి చవక, పాత రైలు దారులు ఖాళీగా ఉన్నాయి. అక్కడ బస్సుల రోడ్డు వేద్దాం. ఊరి మధ్యలో ప్రస్తుతానికి ఆల్బర్ట్, స్లేటర్ అనే రెండు వీధుల్లో ఒక్కో లేన్ బస్సులకి కేటాయిద్దాం. సొరంగం సంగతి అవసరం వచ్చినప్పుడు చూసుకుందాం. ఆ రోడ్డుని కూడా రేపు పట్టాలు వేసుకోవడానికి వీలయ్యేలా కట్టారు.

1983లో మొదటి ముక్కలు తెరిచారు. పేరు ట్రాన్సిట్‌వే. 1990ల మధ్యకి సుమారు 31 కిలోమీటర్లు అయింది.

ఇది ఎందుకంత బాగా పనిచేసిందో మన ఆర్టీసీ భాషలో చెప్తాను. మీరు ఒక కాలనీలో ఉన్నారు. మీ సందు చివర బస్సు ఎక్కారు. అది కాలనీ అంతా మామూలు బస్సులా తిరిగి జనాన్ని ఎక్కించుకుంటుంది. తర్వాత ట్రాన్సిట్‌వే ఎక్కి, స్టేషన్ల దగ్గర ఆగిన బస్సుల్ని పక్క లేన్‌లోంచి దాటేసుకుంటూ, ఎక్కడా సిగ్నల్ లేకుండా ఊరి మధ్యకి వెళ్లిపోతుంది. మీరు ఎక్కిన సీట్లోనే ఆఫీసు ముందు దిగుతారు. మధ్యలో మారే పని లేదు. మైనస్ 20 డిగ్రీల చలిలో బస్సు మారక్కర్లేదు అంటే ఎంత సుఖమో, జనవరిలో ఢిల్లీలో ఆటో కోసం నిలబడినవాళ్లు కొంచెం ఊహించుకోగలరు.

అందుకే ప్రపంచం నలుమూలల నుంచి ప్లానర్లు ఒట్టావాకి క్యూ కట్టారు. బీఆర్‌టీ అనగానే బ్రెజిల్‌లో కురిటిబా పేరు, దాని పక్కనే ఒట్టావా పేరు చెప్పేవాళ్లు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ తన బస్ వేని ఒట్టావాని చూసే కట్టుకుంది. 2011లో ఒట్టావా బస్సులు, రైలు కలిపి 10 కోట్లకు పైగా ప్రయాణాలు నమోదు చేశాయి. పది లక్షలు కూడా లేని ఊరికి అది చాలా పెద్ద లెక్క.

మరి ఇంత మంచిదాన్ని ఎందుకు మార్చారు? ఎందుకంటే "సొరంగం తర్వాత చూద్దాం" అన్న ఆ "తర్వాత" వచ్చేసింది.

ఒక లెక్క వేద్దాం. కనాటా బస్సు, ఓర్లీన్స్ బస్సు, బార్‌హేవెన్ బస్సు, అన్నీ చివరికి ఆ రెండు వీధుల్లోకే రావాలి. రద్దీ టైములో ఒక్కో వీధిలో గంటకి సుమారు 180 బస్సులు. గంటకి 3600 సెకన్లు. అంటే 20 సెకన్లకి ఒక బస్సు. మధ్యలో సిగ్నళ్లు, అడ్డంగా వెళ్లే కార్లు, నడిచేవాళ్లు. ఒక బస్సు దగ్గర ఒక పెద్దావిడ మెల్లగా ఎక్కితే వెనక పది బస్సులు ఆగిపోతాయి. ఎర్ర బస్సుల గోడ కట్టినట్టు ఉండేది ఆ వీధి. ఇంకో బస్సు వేస్తే స్పీడ్ పెరగదు, తగ్గుతుంది. బయట ముప్పై కిలోమీటర్ల చక్కని రోడ్డు, మధ్యలో రెండు కిలోమీటర్ల సీసా మూతి.

ఇక్కడ రైలు లాభం కనిపిస్తుంది. రెండు యూనిట్లు కలిపిన ఒక లైట్ రైలు సుమారు 100 మీటర్ల పొడవు, 600 మందిని ఎక్కించుకుంటుంది. అంటే కిక్కిరిసిన ఆరు పొడవాటి బస్సులు, ఒక్క డ్రైవర్. దాన్ని సొరంగంలో పెడితే పైన వీధి ఖాళీ. కాబట్టి రైలుకి మారాలి అన్న నిర్ణయం తప్పు కాదు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే ఈ కథ చివరికి వచ్చేసరికి "చూశారా, బస్సులే బెటర్" అని అనేవాళ్లు ఉంటారు. అసలు పాఠం అది కాదు.

మొదటి అడుగు చాలా చక్కగా వేశారు. 2001 అక్టోబర్‌లో ఓ-ట్రైన్ అని ఒక ప్రయోగం చేశారు. గూడ్స్ బండ్లు నడిచే పాత సింగిల్ లైన్ ఒకటి ఉంది. 8 కిలోమీటర్లు. దాని మీద 5 స్టేషన్లు కట్టి 3 డీజిల్ రైళ్లు తెచ్చి పెట్టారు. మొత్తం ఖర్చు సుమారు 2.1 కోట్ల కెనడా డాలర్లు. కార్ల్‌టన్ యూనివర్సిటీ ఆ దారిలోనే ఉంది, అక్కడే ఎదురెదురు రైళ్లు తప్పుకోవడానికి రెండో పట్టా వేశారు. ట్రాన్సిట్‌వే ఎక్కడికీ పోలేదు, రైలు దానికి తోడుగా వచ్చింది. పనిచేస్తే ఉంచుదాం, లేకపోతే తీసేద్దాం. పనిచేసింది, ఉంచారు. ఇంజనీర్‌గా నాకు ఈ పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది.

అక్కడినుంచి రాజకీయం మొదలైంది. మేయర్ బాబ్ కియరెల్లీ హయాంలో ఈ లైన్‌ని పొడిగించి ఉత్తరం నుంచి దక్షిణానికి పెద్ద లైట్ రైల్ లైన్ కట్టడానికి 2006లో ఒప్పందం జరిగింది. అదే ఏడాది నవంబర్‌లో ఎన్నికలు. ఎన్నికల చర్చంతా ఈ లైన్ చుట్టూనే తిరిగింది. కియరెల్లీ ఓడిపోయి లారీ ఓబ్రయన్ గెలిచారు. డిసెంబర్‌లో కొత్త కౌన్సిల్ ఒప్పందాన్ని రద్దు చేసింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. చివరికి 2009లో ఊరు సుమారు 3.7 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఒక్క మీటర్ పట్టా కూడా పడకుండా అన్నమాట. సంతకాలయ్యాక ప్రభుత్వం మారితే ప్రాజెక్టులకి ఏమవుతుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

కానీ ఈ దెబ్బ ఊరి మనసులో ఒక భయం పెట్టింది. ఈసారి ఆగకూడదు, బడ్జెట్ దాటకూడదు, డేటు తప్పకూడదు. 2012 డిసెంబర్‌లో కొత్త ప్లాన్‌కి కౌన్సిల్ ఓకే చెప్పింది. కాన్ఫెడరేషన్ లైన్. తూర్పు పడమరలుగా 12.5 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, ఊరి మధ్యలో 2.5 కిలోమీటర్ల సొరంగం. ధర సుమారు 213 కోట్ల డాలర్లు, ముందే ఖరారు. ఖర్చు పెరిగితే రిస్క్ కట్టే కంపెనీల కూటమిదే, 30 ఏళ్ల మెయింటెనెన్స్ కూడా వాళ్లదే. కాగితం మీద ఊరికి ఏ బాధా లేదు.

ఇంకో విషయం గమనించండి. ఈ లైన్ చాలావరకు ఆ ట్రాన్సిట్‌వే మీదే వేశారు. 1980ల్లో "రేపు పట్టాలు వేసుకోవచ్చు" అన్నది నిజమైంది. కానీ పట్టాలు వేయాలంటే బస్సుల్ని ఖాళీ చేయించాలి. 2015 నుంచి ఒక్కో ముక్కా మూసేసి బస్సుల్ని మామూలు రోడ్ల మీదకి, హైవే మీదకి పంపించారు. అంటే రైలు రావడానికి నాలుగేళ్ల ముందే జనానికి ప్రయాణం కష్టమైంది. "కొంచెం ఓపిక పట్టండి, రైలు వస్తుంది" అని చెప్తూ వచ్చారు. జనం ఓపిక పట్టారు.

2016 జూన్ 8న రీడో వీధిలో, సొరంగం పని జరిగే చోట, రోడ్డు ఒక్కసారిగా కుంగి పెద్ద గొయ్యి పడింది. ఒక వ్యాను అందులో పడిపోయింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. 2018 మేలో ఇవ్వాల్సిన లైన్ వాయిదా పడింది. మళ్లీ పడింది. మళ్లీ పడింది. జనం విసిగిపోయారు, నాయకుల మీద ఒత్తిడి పెరిగింది. పాత ఒప్పందం రద్దైన జ్ఞాపకం ఎలాగూ ఉంది. ఇలాంటి సమయంలో ఎవరి బుర్రలోనైనా ఒకే మాట తిరుగుతుంది. "ఎలాగోలా మొదలుపెట్టేద్దాం."

2019 వేసవిలో ట్రయల్ రన్నింగ్ అని ఒక పరీక్ష పెట్టారు. 12 రోజులు రైళ్లు నిజమైన సర్వీసులా టైముకి నడవాలి, మార్కులు వేస్తారు. మొదటి రోజుల్లో రైళ్లు తడబడ్డాయి. అప్పుడు ఏం చేశారంటే, పరీక్ష మధ్యలో పాస్ మార్కు 98 శాతం నుంచి 96కి తగ్గించారు. 12 రోజుల్లో బాగా వచ్చిన 9 రోజులు చూస్తే చాలన్నారు. బీటెక్‌లో మనకి ఇలాంటి ఎగ్జామినర్ దొరికి ఉంటే ఎంత బాగుండేదో కదా! నవ్వుకోవచ్చు కానీ, ఈ మార్పు సంగతి ఎన్నికైన కౌన్సిలర్లకి అప్పుడు చెప్పలేదు. పెద్ద అధికారులు, మేయర్ ఉన్న వాట్సాప్ గ్రూప్‌లో మాత్రం రోజూ రిజల్ట్స్ తిరిగాయి.

కట్టిన కంపెనీల వైపు నుంచి ఒక సలహా కూడా వచ్చింది. మెల్లగా మొదలుపెడదాం, తక్కువ రైళ్లతో, తక్కువ గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోదాం అని. ఊరు వద్దంది. ఒప్పందంలో పూర్తి సర్వీసు అని ఉంది, పూర్తి సర్వీసే కావాలంది. డబ్బిచ్చేవాడిగా ఆ మాట న్యాయమే. కానీ రైలుకి ఒప్పందం చదవడం రాదు కదా.

2019 సెప్టెంబర్ 14, శనివారం. రైలు మొదలైంది. జనం పండగలా వచ్చారు. మూడు వారాలపాటు రైలూ, పాత బస్సులూ పక్కపక్కనే నడిచాయి. ఆ మూడు వారాలూ బాగానే గడిచాయి. ఎందుకు బాగున్నాయో గమనించండి. జనం రెండు దార్లలోకి పంచుకున్నారు కాబట్టి. నేను చెప్పిన శని, ఆదివారాలు అవే.

అక్టోబర్ 6, ఆదివారం. పాత బస్సులు తీసేశారు. శివార్ల నుంచి నేరుగా ఊరి మధ్యకి వచ్చే బస్సులన్నీ ఇప్పుడు రైలు చివరి స్టేషన్ల దగ్గర ఆగిపోయాయి. పడమట టన్నీస్ పాశ్చర్, తూర్పున బ్లెయిర్, మధ్యలో హర్డ్‌మన్. అక్కడ దిగి, రైలు ఎక్కి, ఊళ్లోకి వెళ్లాలి. ఒకే సీట్లో కూర్చుని వెళ్లే ఆ పాత సుఖం ఆ ఆదివారంతో సరి. డ్రైవర్లని, బస్సుల్ని తగ్గించుకోవడానికి లెక్కలు కూడా ముందే వేసుకున్నారు. ఎందుకంటే రైలు ఆదా చేసే డబ్బు ఆ బస్సుల్లోనే ఉంది.

అక్టోబర్ 8, మంగళవారం ఉదయం. కొత్త పద్ధతిలో రెండో పనిదినం. ఒక స్టేషన్‌లో మూసుకుంటున్న తలుపుని ఎవరో ఆపారు. మనం లిఫ్ట్‌లో చెయ్యి పెట్టినట్టే. ఆ తలుపు లోపం చూపించింది. తలుపు మూసుకోకపోతే రైలు కదలదు. ఆ రైలు కదలకపోతే వెనక రైళ్లేవీ కదలవు. రద్దీ వేళలో లైన్ ఆగిపోయింది. ప్లాట్‌ఫారాల మీద జనం పోగయ్యారు, బస్సులు ఇంకా ఇంకా జనాన్ని తెచ్చి అక్కడే దింపుతున్నాయి.

బీఆర్‌టీకీ రైలుకీ అసలు తేడా ఇక్కడ ఉందండి. ట్రాన్సిట్‌వే మీద ఒక బస్సు చెడిపోతే వెనక బస్సు పక్కనుంచి వెళ్లిపోతుంది. రోడ్డే మూసుకుపోతే పక్క రోడ్డు ఎక్కుతుంది. రైలుకి పక్కనుంచి వెళ్లడం రాదు. అంటే రైలుకి మారినప్పుడు ఊరి బలం పెరుగుతుంది, దాంతోపాటే ఒక్కచోట తెగితే అంతా తెగే గుణం కూడా వస్తుంది. ఆ గుణానికి విరుగుడు ఒకటే. కొన్నాళ్లపాటు పాత దారి కూడా తెరిచి ఉంచడం.

తర్వాత చలికాలం వచ్చింది. పట్టాలు మారే చోట మంచు గడ్డకట్టింది. చక్రాలు అరిగి చదునయ్యాయి. పైనున్న కరెంటు తీగ దెబ్బతింది. నడవాల్సినన్ని రైళ్లు చాలా రోజులు లేవు. చివరికి ఊరు ఏం చేసిందో తెలుసా? రైలుకి తోడుగా మళ్లీ బస్సులు పెట్టింది. తీసేసిన కొన్ని నెలలకే. తగలేసిన తెప్పలో మిగిలిన చెక్కలు ఏరుకున్నట్టు.

2021 ఆగస్టు 8న ఒక రైలు పట్టాలు తప్పింది. ఇరుసు దగ్గర బేరింగ్ పాడైంది. ఆరు వారాలకి, సెప్టెంబర్ 19న, ప్రయాణికులతో ఉన్న ఇంకో రైలు పట్టాలు తప్పింది. ఈసారి మెయింటెనెన్స్‌లో గేర్‌బాక్స్ బోల్టులు సరిగా బిగించలేదని దర్యాప్తులో తేలింది. లైన్ మొత్తం 54 రోజులు మూతపడింది. పన్నెండున్నర కిలోమీటర్ల లైన్, దాని మీదే ఆధారపడ్డ ఊరు, 54 రోజులు!

ఇందులో ఎవరు నష్టపోయారో ఆలోచించండి. కారున్నవాళ్లు కారు తీశారు. కారు లేనివాళ్లు ఉన్నారు. విద్యార్థులు, హాస్పిటళ్లలో రాత్రి డ్యూటీ చేసేవాళ్లు, ఆఫీసులు తుడిచేవాళ్లు, కొత్తగా వలస వచ్చినవాళ్లు. మన తెలుగు పిల్లలు కూడా చదువుకోడానికి వెళ్లే ఊరే అది. వాళ్లకి ఇంకో దారి లేదు. బస్ స్టాప్‌లో నలభై నిమిషాలు అంటే మనకి విసుగు, వాళ్లకి ఒక గంట జీతం. ఒకసారి నమ్మకం పోయి కారు కొనుక్కున్నవాడు తిరిగి బస్సెక్కడు. మధ్యలో కోవిడ్ వచ్చి, ఆఫీసులు ఇళ్లకి మారి, ఆ పోయిన జనంలో ఎంతమంది దేనివల్ల పోయారో విడదీయడం కూడా కష్టమైపోయింది.

ఒంటారియో ప్రభుత్వం న్యాయమూర్తి విలియం హౌరిగన్‌తో పబ్లిక్ ఎంక్వైరీ వేసింది. 2022 నవంబర్ 30న రిపోర్ట్ వచ్చింది. 600 పేజీలకి పైగా, 103 సిఫార్సులు. రిపోర్ట్ తప్పుపట్టింది ఒక్కరిని కాదు. కట్టిన కంపెనీల కూటమి సాధించలేమని తెలిసిన డేట్లు ఇచ్చింది, ఊరి పెద్దలు కౌన్సిల్‌కి నిజం చెప్పలేదు, ఇద్దరూ ప్రజల నమ్మకాన్ని దెబ్బతీశారు అని తేల్చింది. కొత్త రకం రైలు, కొత్త ఊరి చలి, గట్టిగా బిగించిన ధర, జరగని డేట్లు, అన్నీ కలిశాయి. కానీ నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది ఇది. సమస్యలు ఉన్నాయని లోపల చాలామందికి తెలుసు. తెలిసి కూడా పూర్తి సర్వీసు మొదలుపెట్టారు, పాత సర్వీసు తీసేశారు.

మా సర్వర్ సంగతి కూడా అంతే. లోడ్ టెస్ట్ సరిగా చేయలేదని మాకు తెలుసు. ఎవరూ గట్టిగా అనలేదు.

కథ ఇక్కడితో అయిపోతే ఇది ఒక ఏడుపు కథ. కానీ ఒట్టావా నేర్చుకుంది. ఆ పాత 8 కిలోమీటర్ల డీజిల్ లైన్ గుర్తుందా? దాన్ని 2020లో మూసి, దక్షిణ శివార్ల దాకా పొడిగించి, ఎయిర్‌పోర్ట్‌కి ఒక కొమ్మ కూడా వేశారు. అది కూడా ఏళ్ల ఆలస్యమైంది. కానీ తెరిచిన తీరు చూడండి. 2025 జనవరి 6న మొదలుపెట్టినప్పుడు వారానికి 5 రోజులే నడిపారు. కొన్నాళ్లు చూసి శనివారం కలిపారు. ఇంకొన్నాళ్లు చూసి ఆదివారం కలిపారు. ఆ కాలమంతా పక్కన బస్సు కూడా నడిపారు. 2019లో "వద్దు" అన్న పద్ధతే, 2025లో వాళ్లంతట వాళ్లే పెట్టుకున్నారు. ఆ "వద్దు"కి, ఈ "సరే"కి మధ్య ఐదేళ్లు, రెండు పట్టాలు తప్పడాలు, ఒక ఎంక్వైరీ ఉన్నాయి.

ఇదంతా ఇప్పుడు మనకెందుకు అంటే, విశాఖపట్నం ఉంది కాబట్టి. జవహర్‌లాల్ నెహ్రూ అర్బన్ రెన్యువల్ మిషన్ డబ్బులతో పెందుర్తి వైపు, సింహాచలం వైపు బీఆర్‌టీఎస్ రోడ్లు వేసుకున్న ఊరు అది. మధ్యలో బస్సులకి లేన్లు గీశారు. వాటిలోకి బైకులు, ఆటోలు, కార్లు దూరాయి, మనమే దూరాం. చివరికి బీఆర్‌టీఎస్ అన్నది వెడల్పాటి రోడ్డుకి పేరుగా మిగిలింది. 2014 విభజన చట్టంలో విశాఖకి మెట్రో సంగతి పరిశీలించాలని రాశారు. అప్పటినుంచి లైట్ మెట్రో ప్లాన్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది వైపు హైవే వెంట లైన్ వేయాలన్నది వాటిలో ముఖ్యమైన ఆలోచన.

ఒట్టావాకి మనకి ఒక తేడా ఉంది. వాళ్లు బాగా నడుస్తున్న బస్సుల మీద రైలు కట్టారు. మనం బస్సుల లేన్ సరిగా నడపకుండానే రైలు గురించి మాట్లాడుతున్నాం. ట్రాన్సిట్‌వే ముప్పై ఏళ్లు ఒట్టావాకి ఒకటి నేర్పింది. జనం ఎక్కడ ఎక్కుతారు, ఎక్కడ దిగుతారు, ఏ గంటలో ఎంతమంది అన్నది. రైలు ఎక్కడ వేయాలో ఆ బస్సులే చెప్పాయి. ఆ పాఠం మనం ఇంకా చదవలేదు. పెందుర్తి రోడ్డులో బస్సు లేన్ నిజంగా బస్సులకే వదిలి చూస్తే, దానికి అయ్యే ఖర్చు రంగు డబ్బాలు, పోలీసులు, కొంచెం మొండితనం.

రైలు రావాలి. వస్తుంది కూడా. వచ్చిన రోజు రిబ్బన్ కత్తిరిస్తారు, సెల్ఫీలు దిగుతాం. ఆ రోజు మనం అడగాల్సిన ప్రశ్న "రైలు ఎంత స్పీడు?" అని కాదు. "ఈ దారిలో ఉన్న సిటీ బస్సులు ఎప్పుడు తీసేస్తున్నారు? రైలు ఆగిపోతే గాజువాక నుంచి డ్యూటీకి వచ్చేవాళ్లు ఎలా వస్తారు?" అని అడగాలి. దానికి జవాబు "కనీసం ఒక వానాకాలం, ఒక తుఫాను సీజన్ చూశాక ఆలోచిస్తాం" అని వస్తే ఆ ఊరు ఒట్టావా కథ చదివినట్టే.

తెప్ప పాతదే కావచ్చు, కారుతూ ఉండొచ్చు. అవతలి ఒడ్డున కాలు గట్టిగా ఆనేదాకా దాన్ని కట్టేసి ఉంచండి. అంతే నేను చెప్పదలుచుకున్నది.

మీ ఊళ్లో ఏదైనా బస్సు రూటు తీసేశాక ఇబ్బంది పడ్డ అనుభవం ఉంటే రాయండి, తప్పకుండా చదువుతాను. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.